కత్తి పట్టేవారే మౌస్ కూడా పట్టాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ముక్కు, గడ్డం, పెదవులు సరిచేసే సర్జరీల గురించి రెండు పేజీల వ్యాసం వేశారు. వ్యాసం బాగానే ఉంది, కాదనను. దాని పక్కన వేసిన ‘ముందు–తర్వాత’ ఫొటోలు చూశాకే నేను ఊరుకోలేకపోయాను. నేను డాక్టర్ని కాను. తెనాలిలో 1988 నుంచీ ఫొటో స్టూడియో నడుపుతున్నవాణ్ని. మీరు వేసిన జతలో మొదటి ఫొటోకి లైటు నెత్తి మీంచి పడింది, ముక్కు కింద మీసంలా నీడ ఉంది, అమ్మాయి తల కొంచెం దించుకుని ఉంది, కెమెరా బాగా దగ్గరగా ఉంది. రెండోదానికొచ్చేసరికి లైటు మెత్తగా రెండు పక్కలనుంచీ వచ్చింది, గడ్డం కాస్త ఎత్తించారు, మేకప్ ఉంది, కెమెరా వెనక్కి జరిగింది. ఆ అమ్మాయి మీద కత్తి పెట్టకుండానే ఆ రెండు ఫొటోలూ నేను అరగంటలో తీసిపెడతాను. సర్జరీ చెయ్యలేదని అనటం లేదు, చేసే ఉంటారు. అందులో కత్తి చేసిన పని ఎంత, లైటు చేసిన పని ఎంత అన్నది మాత్రం ఆ ఫొటోలు చూసి ఎవరూ చెప్పలేరు.

అయితే నేను రాయాలనుకున్నది అచ్చయిపోయిన ఆ ఫొటోల గురించి కాదు. ఇప్పుడు క్లినిక్కుల్లో సర్జరీకి ముందే మన ఫొటో తీసి, కంప్యూటర్లో ముక్కు సన్నం చేసి ‘ఇదిగో మీరు ఇలా ఉంటారు’ అని చూపిస్తున్నారు కదా, సిమ్యులేషన్ అంటారు దాన్ని. మీ వ్యాసంలో దాని గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు, అదీ మెచ్చుకుంటూ. నేను దాన్ని రెండుచోట్ల దగ్గర కూర్చుని చూశాను. ఒకచోట అది అమ్మకం బొమ్మ. ఇంకోచోట అదే మా ఇంట్లో ఏడాదిన్నరగా నలుగుతున్న గొడవని తేల్చింది. రెండుచోట్లా సాఫ్ట్‌వేర్ ఇంచుమించు ఒకటే.

మా చెల్లెలి కూతురికి 26 ఏళ్లు, మాదాపూర్‌లో ఉద్యోగం. తొమ్మిదేళ్లప్పుడు మా ఇంటి అరుగు మీంచే పడి ముక్కు వాచింది, వాపు తగ్గింది కదా అని ఎవరం పట్టించుకోలేదు, తీరా పెద్దయ్యాక మధ్యలో చిన్న మూపురంలా ఎముక లేచి, కొస ఎడమకి వాలింది. స్కూల్లో పేర్లు పెట్టారు, కాలేజీలోనూ పెట్టారు, అదంతా ఓర్చుకుంది. కరోనా తర్వాత మొదలయింది అసలు గొడవ. “మావయ్యా, రోజుకి ఐదు గంటలు మీటింగుల్లో అందరి మొహాలతోపాటు నా మొహం కూడా నేనే చూసుకుంటున్నాను, ఎవరు చెప్పేదీ వినబడటం లేదు, ముక్కే కనిపిస్తోంది” అంది. మా చెల్లెలేమో “ముక్కుకేమయిందే, ముక్కుపుడక పెట్టుకుంటే లక్షణంగా ఉంటావు, దేవుడిచ్చినదాన్ని కోయించుకుంటావా” అని ఒకటే ఏడుపు. మేనమామని కాబట్టి పంచాయితీ నా దగ్గరికొచ్చింది.

నాకు తెలిసిన విద్య నేను చేశాను. అమ్మాయిని స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టి ఒక అడుగు దూరం నుంచి వైడ్ లెన్సుతో ఒక ఫొటో, ఐదడుగుల దూరం నుంచి 85 ఎం.ఎం. లెన్సుతో ఇంకో ఫొటో తీసి పక్కపక్కన పెట్టాను. కదలకుండా కూర్చుంది, లైటు మార్చలేదు. మొదటిదాంట్లో ముక్కు మొహమంతా ఆక్రమించింది, చెవులు వెనక్కి దాక్కున్నాయి. రెండోదాంట్లో మామూలు మనిషి. ఇది ఫొటోగ్రాఫర్లందరికీ తెలిసిన సంగతే. 2018లో అమెరికాలో రట్గర్స్ యూనివర్సిటీ డాక్టర్లు దీన్ని లెక్కగట్టి మరీ చెప్పారు: ఐదడుగుల నుంచి తీసినదానితో పోలిస్తే 12 అంగుళాల నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందట. ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చుంటే కథ కొంచెం అటూ ఇటూగా అదే. ఇంకోటి, మనకి అలవాటైన మొహం అద్దంలోది, కుడి ఎడమలు తిరగేసినది. ఫొటోలో అది తిప్పి కనబడితే ముక్కు ఇంకా వంకరగా ఉన్నట్టు తోస్తుంది. ఇవన్నీ చెబితే విని, రెండు ఫొటోలూ చాలాసేపు చూసి, “అయితే సగం ముక్కు లెన్సుది, మిగతా సగం నాదే కదా మావయ్యా, ఆ సగం సంగతి చూద్దాం పద” అంది. మాట కాదనలేకపోయాను.

మొదట వెళ్లిన క్లినిక్ పేరు రాయను. హైదరాబాద్‌లో పెద్ద రోడ్డు మీద అద్దాల బిల్డింగు, లోపల మల్లెపూల వాసన, నీళ్లు కూడా గాజు సీసాలో ఇచ్చారు. డాక్టర్ గారు థియేటర్లో ఉన్నారని చెప్పి కౌన్సెలర్ అనే అమ్మాయి వచ్చి కూర్చుంది. మర్యాదస్తురాలే, ఆ అమ్మాయిని ఏమీ అనను, నెలకిన్ని బుకింగులని టార్గెట్ ఉండే ఉంటుంది. ట్యాబ్‌తో మా అమ్మాయిని నిలబెట్టి, ట్యూబ్‌లైట్ కింద, చెయ్యి చాపినంత దూరంలో రెండు ఫొటోలు తీసింది. వేలితో ముక్కు రెండు పక్కలా నొక్కింది, కొసని పైకి తోసింది, మూపురాన్ని చెరిపేసింది. 40 సెకన్లు పట్టి ఉంటుంది. ట్యాబ్ ఇటు తిప్పి చూపించింది.

నిజం చెప్పాలంటే బొమ్మ అందంగానే ఉంది. మా అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. నేను మాత్రం బొమ్మని కాకుండా బొమ్మ అంచుల్ని చూస్తున్నాను. ముక్కు నొక్కినచోట వెనక గోడకున్న తలుపు గీత కూడా లోపలికి వంగింది. మేం పెళ్లి ఫొటోలకి ఫొటోషాప్‌లో వాడే లిక్విఫై పనే అది, బొమ్మని నొక్కి, లాగి ఆకారం మార్చే పని, పేరు మారిందంతే. పైగా ‘తర్వాత’ బొమ్మలో మా అమ్మాయి రంగు రెండు షేడ్లు తేలింది, కళ్ల కింద నలుపు పోయింది. “నేను ముక్కు గురించి అడిగాను, రంగు గురించి అడగలేదుగా” అంది మా అమ్మాయి. ఆ కౌన్సెలర్ నవ్వి, “అది ఆటోమేటిగ్గా వస్తుంది మేడమ్” అంది.

ఆటోమేటిగ్గా వస్తుందట! ఆ తర్వాత లక్షా అరవై వేలు, ఈ వారంలో బుక్ చేసుకుంటే ఇరవై వేలు తగ్గింపు, కావాలంటే ఈఎంఐ. ఆ బొమ్మ కాపీ ఒకటి ఇవ్వండి, ఇంట్లో వాళ్లమ్మకి చూపించుకుంటుంది అన్నాను. కుదరదు సర్, క్లినిక్ పాలసీ. పోనీ ఫోన్‌తో ఫొటో తీసుకుంటాం. అదీ కుదరదు. డాక్టర్ గారు ఈ బొమ్మ చూశారా, ఇలా చెయ్యగలనని అన్నారా అంటే, సర్జరీ ముందురోజు చూస్తారంది. డబ్బు కట్టించుకోవటానికి పనికొచ్చిన బొమ్మ ఇంటికి పట్టుకెళ్లటానికి ఎందుకు పనికిరాదో నాకు అర్థం కాలేదు. ఫొటోలు డిలీట్ చెయ్యమని అడగటం మర్చిపోయాం, ఆ సంగతి బస్సెక్కాక గుర్తొచ్చింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒకటి ఒప్పుకోవాలి. ఈ పని నేను ముప్పై ఏళ్లు చేశాను. బ్లాక్ అండ్ వైట్ రోజుల్లో నెగెటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టి, వెనకనుంచి వెలుగు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టేవాళ్లం. నెగెటివ్ మీద పెన్సిల్ పడ్డచోట ప్రింటులో తెల్లబడుతుంది, అలా మొటిమల గుంటలు, కళ్ల కింద గీతలు పూడ్చేవాళ్లం. పెళ్లిచూపుల ముందు పంపే ఫొటోకయితే రేటు ఎక్కువ. ఒకసారి అలా బాగా ‘ఫినిషింగ్’ ఇచ్చిన ఫొటో చూసి సంబంధం వాళ్లు చినగంజాం నుంచి వచ్చారు. పెళ్లికొడుకు తల్లి ఫొటోనీ అమ్మాయినీ మార్చి మార్చి చూసి “ఈ ఫొటో వీళ్లక్కదా?” అని అడిగిందట. ఆ అమ్మాయి తండ్రి నన్నేమీ అనలేదు, ఫొటో డబ్బులు మిగతావి ఇచ్చి వెళ్లిపోయాడు. అప్పట్నుంచి నేను ఎముక జోలికి వెళ్లను, చర్మం వరకే.

రెండో డాక్టర్ని తెలిసిన నర్సమ్మ చెప్పింది. ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. అనే పై చదువు చదివిన ఆయన, చిన్న ఆసుపత్రి, మల్లెపూల వాసన లేదు, ఫ్యాను చప్పుడు ఉంది. కన్సల్టేషన్ 800. ఆయన ముందు కంప్యూటర్ తెరవలేదు. బొటనవేలితో ముక్కు కొస నొక్కి చూశాడు, ఒక్కో రంధ్రం మూసి ఊపిరి పీల్చమన్నాడు, టార్చి వేసి లోపలికి చూశాడు. “అమ్మా, నోరు తెరుచుకుని పడుకుంటావా?” అని అడిగాడు. ఔనంది. ముక్కు మధ్య గోడే వంకరగా ఉంది, ఎడమవైపు గాలి సరిగా ఆడటం లేదు. ఇరవై ఆరేళ్లొచ్చేదాకా మాకెవరికీ తెలియని సంగతి అది.

తర్వాత ఫొటోలు. నాకు ఆయన మీద గురి కుదిరింది ఇక్కడే. గోడకి నీలం గుడ్డ, నేల మీద టేపుతో గుర్తు, కెమెరా స్టాండు మీద, పోర్ట్రెయిట్ లెన్సు, రెండు పక్కలా లైట్లు. ఎదురుగా ఒకటి, పక్కలనుంచి రెండు, ముప్పావు కోణంలో రెండు, కిందనుంచి పైకి ఒకటి. ఆయనే తీశాడు. ఏడాది తర్వాత మళ్లీ ఇదే టేపు మీద నిలబెట్టి తీస్తానన్నాడు. పెద్దచోట్ల వెక్ట్రా లాంటి త్రీడీ కెమెరాలు ఉంటాయి, తలని ఎటు కావాలంటే అటు తిప్పి చూపిస్తాయి. క్రిసలిక్స్ లాంటి సాఫ్ట్‌వేర్లకి మామూలు ఫొటోలు మూడు ఇస్తే వాటినుంచే త్రీడీ మొహం కడతాయి. ఈయన దగ్గర అవేమీ లేవు, పాత కంప్యూటరే.

“ఏం కావాలమ్మా నీకు?” అన్నాడు. “కొంచెం సన్నగా, కొంచెం చిన్నగా” అంది. “కొంచెం అంటే?” అని మౌస్ ఆమె చేతికిచ్చాడు. నువ్వే జరుపు, ఎక్కడ చాలనిపిస్తే అక్కడ ఆగు. అమ్మాయి జరిపింది, జరిపింది, క్లినిక్ బొమ్మలాగే సన్నగా చేసేసి వెనక్కి వాలి చూసుకుంది. కాసేపటికి తనే “ఇది ఎవరో” అంది. మళ్లీ మొదటికి తెచ్చింది. ఈసారి మూపురం ఒక్కటే తగ్గించి, మిగతాది ఉన్నట్టే వదిలేసింది. ఆగింది. స్క్రీన్ మీద కొలిచి చూపించాడాయన: రెండు మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ. ఏడాదిన్నరగా మా ఇంట్లో రెండిళ్ల వాళ్లం కొట్టుకుంటున్నది రెండు మిల్లీమీటర్ల కోసమని ఆ రోజు తెలిసింది. తన ముక్కు చిన్నది కావాలని కాదు, ఆ మూపురం పోవాలని మాత్రమే తనకుందని ఆ అమ్మాయికి కూడా మౌస్ పట్టుకునేదాకా తెలియదు. మాటల్లో ‘సన్నగా’ అంటే తనకొక అర్థం, డాక్టర్‌కొక అర్థం, వాళ్లమ్మకి సినిమా యాక్టర్ ముక్కు. సిమ్యులేషన్ వల్ల అసలు లాభం ఇదేనని నా ఉద్దేశం.

అప్పుడు ఆయన మౌస్ తను తీసుకున్నాడు. అమ్మాయి పెట్టిన బొమ్మలో ముక్కు కొసని మళ్లీ కాస్త లావు చేశాడు. ఇదేంటండీ వెనక్కి తెస్తున్నారు అంటే, “నీ చర్మం మందం. లోపల మృదులాస్థిని నేను ఎంత సన్నగా చెక్కినా పైన దుప్పటి మందంగా ఉంటే ఆకారం బయటికి అంత తేలదు. కంప్యూటర్‌కి నీ చర్మం మందం తెలియదు, అది చుక్కల్ని జరుపుతుంది అంతే. నేను ఇవ్వగలిగింది ఇది” అన్నాడు. పక్కనుంచి చూసే ఆకారాన్ని చాలావరకు బొమ్మకి దగ్గరగా తేగలననీ, ఎదురుగా చూసే ఆకారం మీద తనకి అంత పట్టు ఉండదనీ కూడా చెప్పాడు. ట్యాబ్‌లో చూపించినంత నొక్కితే? “ఫొటోకి బాగుంటుంది. బొమ్మ ఊపిరి పీల్చదు కదమ్మా, నువ్వు పీల్చాలి.”

మూడో బొమ్మ కూడా చేశాడు. దాన్ని కావాలనే అందవికారంగా చేశాడు, కొస ఉబ్బి, పైన వాపుతో. “ఆరో వారంలో అద్దంలో కనిపించేది ఇది. అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడవకూడదు” అన్నాడు. వాపు మొత్తం దిగటానికి ఏడాది పడుతుందట, మందం చర్మానికి ఇంకొంచెం ఎక్కువే, అన్నిటికంటే ఆఖరున దిగేది కొస దగ్గరే. పదిమందిలో ఒకరికి మళ్లీ చిన్న సర్దుబాటు చెయ్యాల్సి రావచ్చన్నాడు. తర్వాత ఒప్పుకున్న పేషెంట్ల ఫొటోలు, ఏడాది నిండినవి, అదే నీలం గుడ్డ ముందు తీసినవి చూపించాడు. అందులో ఒకటి తను అనుకున్నట్టు రాలేదని తనే చెప్పాడు. చివరికి మూడు బొమ్మలూ ప్రింట్ తీసి, వెనకాల ‘ఇది అంచనా, హామీ కాదు’ అని తెలుగులోనే రాసి, సంతకం పెట్టి, ఒక కాపీ మాకిచ్చి ఇంకోటి ఫైల్లో పెట్టుకున్నాడు. రెండు వారాలు ఆగి రండి, వాళ్లమ్మగారికి చూపించండి అన్నాడు. అంతా కలిపి 40 నిమిషాలు.

మా చెల్లెలు ఆ ప్రింటు చూసి, కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూసి, “ఇంతేనా? దీనికా ఇంత గొడవ?” అంది. ఇంట్లో గొడవ అక్కడితో ఆగింది.

ఈ మధ్య ఒక సంగతి చదివాను, ఈ సందర్భంలో చెప్పకుండా ఉండలేను. టిప్పు సుల్తాన్‌తో యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఇంగ్లీషు సైన్యానికి బండ్లు తోలే కావస్జీ అనే ఆయన పట్టుబడితే ముక్కూ ఒక చెయ్యీ కోసేశారు. ఏడాది తర్వాత పూణె దగ్గర ఇటుకలు చేసే కులంవాడొకాయన అతనికి నుదుటి చర్మంతో కొత్త ముక్కు పెట్టాడు. ఆ సంగతి 1794 అక్టోబర్‌లో లండన్ పత్రికలో బొమ్మతో సహా వచ్చింది, తెల్ల డాక్టర్లు అది చదివే మన పద్ధతి నేర్చుకున్నారు. అందులో ఒక చిన్న వివరం ఉంది. ఆయన ముందు మైనాన్ని పల్చటి రేకులా చేసి, తెగిన ముక్కు మీద అద్ది, చూడ్డానికి బాగుండే ముక్కు ఆకారం చేశాడు. తర్వాత ఆ మైనాన్నే తీసి, చదును చేసి నుదుటి మీద పరిచి, చుట్టూ గీత గీసి, ఆ గీత మేరకే చర్మం కోశాడు. సిమ్యులేషన్ అంటే మరి అదేగా! 230 ఏళ్ల కిందటిది. మైనం ముక్కు చేసిన చెయ్యీ, కత్తి పట్టిన చెయ్యీ ఒకటే కాబట్టి, కోయటానికి వీలుకాని ముక్కుని ఆయన మైనంతో చెయ్యడు. అద్దాల బిల్డింగులో బొమ్మ ఒకరు చేస్తున్నారు, కోత ఇంకొకరు కోస్తున్నారు. నా గొడవంతా అక్కడే.

అందుకని నేను అడిగేది పెద్దదేం కాదు. ముక్కు కోసే సర్జన్ ఎవరో ఆయనే, లేదా ఆవిడే, ఆ బొమ్మ చెయ్యాలి, సంతకం పెట్టాలి, కాపీ పేషెంటుకి ఇవ్వాలి. రంగు తేల్చటం, మచ్చలు తుడవటం బొమ్మలో ఉండకూడదు. అప్పటి భారత మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నిబంధనల్లో చేర్చుకున్న పేషెంట్ల రికార్డులు 3 ఏళ్లు దాచాలనీ, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ ఉంది. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి మూడు వారాలకే పక్కన పెట్టేశారు కాబట్టి ఆ పాతవే నడుస్తున్నాయి. 2002లో రాసినవాటిలో సిమ్యులేషన్ బొమ్మ ఊసు లేదు. అది కూడా రికార్డే అని తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్లు ఒక సర్క్యులర్ ఇస్తే, ‘క్లినిక్ పాలసీ’ అన్న మాట వినే బాధ తప్పుతుంది. పేషెంటు ఒప్పుకోలు ఎలా ఉండాలో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది: చేసే పని ఏమిటి, లాభమేమిటి, వేరే దారులేమిటి, ప్రమాదాలేమిటి అన్నవి చాలినంత చెప్పాకే ఆ సంతకానికి విలువ. 40 సెకన్ల బొమ్మ చూసి పెట్టిన సంతకం ఆ లెక్కలోకి వస్తుందా?

డాక్టర్ల వైపునుంచి కూడా ఆలోచించాను. కాపీ చేతికిస్తే రేపు అది పట్టుకుని కన్జ్యూమర్ కోర్టుకి పోతారని వాళ్ల భయం, అది ఉత్త భయమేం కాదు, వైద్యం కన్జ్యూమర్ చట్టం కిందికి వస్తుందని 1995లోనే తేలింది. కానీ ఈ భయం ఒకందుకు మంచిదే. కాపీ ఇవ్వాల్సి వస్తే చెయ్యగలిగిన ముక్కునే గీస్తారు. ఫ్లాట్లు అమ్మేవాళ్లు ఒకప్పుడు బ్రోచర్లో స్విమ్మింగ్ పూల్, కొబ్బరి చెట్లు, ఫౌంటెన్ వేసి, కట్టాక బోరుబావి చూపించేవారు. 2016లో బిల్డర్లని అదుపు చేసే రెరా చట్టం వచ్చాక ప్రకటనలో తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టినవాడికి బిల్డర్ నష్టపరిహారం ఇవ్వాలి. కోకాపేటలో ఫ్లాట్ బొమ్మకున్న పాటి విలువ మన మొహం బొమ్మకి వద్దా?

బయటి దేశాలవాళ్లు ఇంతకంటే చాలా దూరం వెళ్లారు. జర్మనీలో జబ్బు కోసం కాకుండా అందం కోసమే చేసే సర్జరీలకి ‘ముందు–తర్వాత’ ఫొటోలతో ప్రకటన వెయ్యటమే నిషేధం. ఫ్రాన్స్‌లో ఖర్చు కాగితం చేతికిచ్చాక 15 రోజులు ఆగాలి, ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి ఒప్పుకున్నాక కనీసం 7 రోజులు ఆగాలి. ఇక్కడ ‘ఈ వారంలో బుక్ చేస్తే తగ్గింపు’.

ఫోన్ యాప్‌ల సంగతి మరీ ఘోరం. మా స్టూడియోకి వచ్చే పదహారేళ్ల పిల్లలు పాస్‌పోర్ట్ ఫొటో తీస్తే “అంకుల్, ఇది నేను కాదు” అంటున్నారు, ఎందుకంటే వాళ్లకి తెలిసిన మొహం ఫిల్టర్‌లోది. 2018 నుంచే డాక్టర్లు దీన్ని ‘స్నాప్‌చాట్ డిస్‌మార్ఫియా’ అంటున్నారు, అంటే ఫిల్టర్ మొహం చూసి చూసి సొంత మొహంలో లోపం ఉందని బెంగపడటం. ఇదివరకు సినిమా యాక్టర్ ఫొటో తెచ్చి ఇలా చెయ్యండి అనేవాళ్లు, ఇప్పుడు ఫిల్టర్ వేసిన తమ ఫొటోనే తెస్తున్నారట. ఈ కొత్త ఏఐ బొమ్మలు ఇంకో మెట్టు పైన. ఆ పాత కంప్యూటర్ కనీసం ఉన్న ముక్కునే జరుపుతుంది, ఇవి వేలమంది మొహాలు చూసి నేర్చుకున్న ముక్కుని తెచ్చి అతికిస్తాయి, వెనక గోడ గీత కూడా వంగదు, నాలాంటివాడు కూడా పట్టుకోలేడు. ఇలాంటి బొమ్మ తయారుచేసుకుని వచ్చిన మనిషికి ముందు కావాల్సింది సర్జన్ కాదు, మనసు డాక్టర్ అయుండొచ్చు, ఆ మాట చెప్పగలిగింది కూడా కౌన్సెలర్ కాదు, సర్జనే.

ఇక మీకు నా విన్నపం, సంపాదకులు గారూ. ఇలాంటి ఫొటోలు వేసేటప్పుడు సర్జరీ అయ్యి ఎన్నాళ్లయిందో, రెండు ఫొటోలూ ఒకే లైటులో, ఒకే దూరం నుంచి తీసినవో కాదో కింద ఒక్క లైను రాయండి. తెలియకపోతే వెయ్యకండి.

మా అమ్మాయికి సర్జరీ అయ్యి ఐదు నెలలయింది. లోపలి గోడ కూడా సరిచేశారు, నోరు మూసుకుని నిద్రపోతోంది, వాళ్లమ్మకి అదే పెద్ద విశేషం. ప్రతి నెలా తెనాలి వచ్చినప్పుడు మా స్టూడియోలో టేపు మీద నిలబెట్టి అదే లెన్సు, అదే లైటుతో పక్కనుంచొకటి, ఎదురుగా ఒకటి తీస్తున్నాను. సంతకం ఉన్న ప్రింటు పక్కన పెట్టి చూస్తే మూపురం దగ్గర గీత మీద గీత కలిసింది. కొస ఇంకా కలవలేదు, మూడో బొమ్మకి రెండో బొమ్మకి మధ్యలో ఎక్కడో ఉంది. పోయిన నెలకీ ఈ నెలకీ తేడా ఉందని తను అంటుంది, నాకు కనబడలేదు. ఆ వరసంతా మీ పేపర్లో వేసుకోవటానికి అమ్మాయి ఒప్పుకుంది, కళ్లు మాత్రం కప్పమంది. కావాలంటే పంపిస్తాను, కానీ పన్నెండో నెల ఫొటో తీశాకే.

ఇట్లు,
ఒక ఫొటో స్టూడియో యజమాని,
తెనాలి